స్లైడుకు గొంతు కలపడం ఎలా: కోత బయట, వేళ లోపల

తెర మీద రామప్ప గుడి గోపురం వచ్చేసింది. స్పీకర్లోంచి నా గొంతు మాత్రం ఇంకా కాకతీయ రాజుల పేర్ల దగ్గరే ఉంది. పిల్లలు ఒకసారి తెర వంక, ఒకసారి నా వంక చూశారు. వెనక బెంచీలోంచి ఒకడు "సార్, మీరు వెనకబడ్డారు" అన్నాడు. రెండు రాత్రులు కూర్చుని చేసిన పాఠం అది. తప్పంతా నాదే. పవర్‌పాయింట్లోనే రికార్డు చేసి, అక్కడే కోసి, అక్కడే టైమింగ్ పెట్టబోయాను. ఒకచోట సర్దితే ఇంకోచోట జారింది.

ఆ తర్వాత పని పద్ధతి మార్చాను. గొంతును కోయడం, బాగుచేయడం అంతా పవర్‌పాయింట్ బయట. లోపలికి వచ్చాక మిగిలేది ఒకటే లెక్క: ఏ మాటకు ఏది కనిపించాలి. ఈ రెండు పనులనూ కలపకపోతే సగం తలనొప్పి పోతుంది. కింద ఉదాహరణగా ఆ రామప్ప పాఠాన్నే తీసుకుంటున్నాను. తొమ్మిది స్లైడ్లు, సుమారు ఆరు నిమిషాలు. మీది షష్టిపూర్తి ఆల్బమ్ కావచ్చు, ఆఫీసు ట్రైనింగ్ కావచ్చు, దారి అదే. కావలసినవి ఒక ఫోను, గొంతును కోసి బాగుచేసే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, పవర్‌పాయింట్ 2013 గానీ ఆ తర్వాతది గానీ. వెర్షన్ని బట్టి బటన్లు ఒక అంగుళం అటూ ఇటూ ఉండొచ్చు, పేర్లు దాదాపు ఇవే.

ముందు కాగితం

మైకు ముందు కూర్చుని "ఏదో నోటికొచ్చింది చెప్పేద్దాం" అనుకోకండి. స్లైడు స్లైడుకూ మీరు చెప్పేది విడిగా రాసుకోండి. పవర్‌పాయింట్లో స్లైడు కింద ఉండే నోట్స్ గడిలోనే రాస్తే ఏ మాట ఏ స్లైడుదో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. రాశాక ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది.

ముఖ్యంగా అంకెల దగ్గర. తెర మీద 1213 అని నాలుగు అంకెలు రెప్పపాటులో కనిపిస్తాయి. నోటితో "పన్నెండు వందల పదమూడు" అనాలంటే దాదాపు రెండు సెకన్లు. అలాంటివి ఒక స్లైడులో మూడు ఉంటే ఆరు సెకన్లు వాటికే పోతాయి. అందుకే నా స్లైడులో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించిన 1213 ఒక్కటే ఉంచాను. యునెస్కో జాబితాలో చేరిన 2021 చివరి స్లైడుకు వెళ్లింది. ఒక స్లైడు మీద గొంతు నలభై సెకన్లు దాటితే దాన్ని రెండు చేయడం నా అలవాటు. అంతకన్నా ఎక్కువసేపు కదలని బొమ్మను మా ఏడో తరగతి చూడదు.

రికార్డింగు

పవర్‌పాయింట్లోనే రికార్డు చేసే సౌకర్యం ఉంది, బాగానే పనిచేస్తుంది కూడా. కానీ స్లైడు మారే ఆ కాసేపు అది గొంతును పట్టదు. మాట్లాడుతూ బాణం నొక్కారంటే మాట మధ్యలో తెగుతుంది. పైగా స్లైడు మధ్యలో తడబడితే ఆ స్లైడు మొత్తం మళ్లీ చెప్పుకోవాల్సిందే. తడబడకుండా చెప్పగలిగేవాళ్లు అక్కడే చేసుకోవచ్చు. నేను ఆ కోవలోకి రాను.

ఫోన్లో వాయిస్ రికార్డర్ తెరిచి, నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే "ప", "భ" పలికినప్పుడల్లా గాలి టప్ మని కొడుతుంది. ఫ్యాను ఆపండి. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది కాబట్టి పరుపులూ దుప్పట్లూ ఉన్న పడకగది మేలు. మా వీధిలో పొద్దున పాత ఇనుప సామాన్ల బండి మైకు, సాయంత్రం గుడి మైకు. అందుకని నా రికార్డింగు రాత్రి పదికి.

బటన్ నొక్కాక పది సెకన్లు నోరు మెదపకండి. ఆ ఖాళీ తర్వాత పనికొస్తుంది. ఒక్కో స్లైడుకు ముందు "స్లైడు మూడు" అని చెప్పి, మూడు సెకన్లు ఆగి మొదలుపెట్టండి. తప్పు చెప్పారా, రికార్డింగు ఆపొద్దు. ఒక చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చెప్పండి. కంప్యూటర్లో చూసినప్పుడు చప్పట్లు తాటిచెట్టులా నిటారుగా కనిపిస్తాయి. తప్పు ఎక్కడుందో వినకుండానే తెలిసిపోతుంది.

ఇంకొకరి గొంతు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా తెప్పించుకుంటే అది ఓపస్ అనే రకంలో వస్తుంది. పవర్‌పాయింట్ దాన్ని తీసుకోకుండా మొండికేయొచ్చు. వీఎల్‌సీ ప్లేయర్‌లో మీడియా మెనూలో ఉన్న కన్వర్ట్ తో ముందే ఎంపీ3గా మార్చేసుకోండి.

ఆడాసిటీలో కోత

ఫైలును ఆడాసిటీ కిటికీలోకి లాగి వదలండి. ఫోన్ ఎం4ఏ ఫైలును అది తెరవనంటే దాన్నీ వీఎల్‌సీతోనే మార్చండి.

మొదట గాలి హోరు. మీరు వదిలిన ఆ పది సెకన్ల ఖాళీని మౌస్‌తో సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో నాయిస్ రిడక్షన్‌కు వెళ్లి, గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. మీ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో దానికి చెప్పినట్టు. తర్వాత కంట్రోల్ + ఏ తో మొత్తం సెలెక్ట్ చేసి, మళ్లీ అక్కడికే వెళ్లి ఓకే. తగ్గించే మోతాదు 6 నుంచి 12 డెసిబెల్స్ లోపే ఉంచండి. ఆశపడి 24 పెడితే గొంతు బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు అవుతుంది. కాస్త హోరు ఉన్నా ఎవరూ ఏమీ అనరు.

తర్వాత తడబాట్లు. ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం. నా రికార్డింగులో ఒక ముక్క ఇలా ఉంది: "ఈ గుడిని రేచర్ల... ఆ... (చప్పట్లు) ఈ గుడిని రేచర్ల రుద్రుడు పన్నెండు వందల పదమూడులో కట్టించాడు." మొదటి "ఈ" ముందున్న ఊపిరి దగ్గర నుంచి, రెండో "ఈ" ముందున్న ఊపిరి దగ్గర వరకు సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాలి. అంటే ఒక ఊపిరి పోయి ఒక ఊపిరి మిగలాలి. రెండూ మిగిలితే ఆయాసపడుతున్నట్టు ఉంటుంది, రెండూ పోతే మర మాట్లాడినట్టు ఉంటుంది. డిలీట్‌కు ముందు జెడ్ అక్షరం ఒకసారి నొక్కితే, సెలెక్షన్ అంచులు అలల గీత సున్నాను దాటే చోటికి జరుగుతాయి. అతుకు దగ్గర టిక్ మనే చప్పుడు రాదు.

తెలుగు గొంతును కోసేటప్పుడు ఇంకో మోసం ఉంది. "కట్టించాడు"లో "ట్ట" దగ్గర, "పక్కన"లో "క్క" దగ్గర నాలుక ఒక్క క్షణం గాలిని పూర్తిగా బిగబడుతుంది. సెకనులో పదో వంతో, ఇంకొంచెం ఎక్కువో. అలల బొమ్మలో అది అచ్చంగా ఖాళీలా కనిపిస్తుంది. "ఇక్కడ గ్యాప్ ఉందే" అని కళ్లతో చూసి కోసేస్తే "కట్టించాడు" కాస్తా "కటించాడు" అవుతుంది. ఖాళీలను తనంతట తాను కుదించే ట్రంకేట్ సైలెన్స్ అనే పనిముట్టు కూడా, ఖాళీ హద్దును మరీ చిన్నగా పెడితే, ఇదే చేస్తుంది. ఒత్తులున్న భాషను చెవితో కోయాలి, కంటితో కాదు. హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

"అంటే", "మరి", "అన్నమాట" అన్నీ ఏరేయక్కర్లేదు. నేను మొదటిసారి నా "అన్నమాట"లు లెక్కపెడితే ఆరు నిమిషాల్లో పంతొమ్మిది వచ్చాయి. పదిహేను తీశాను. మిగతా నాలుగూ తీస్తే అది నేను కాదు.

కోతలయ్యాక మళ్లీ కంట్రోల్ + ఏ, ఎఫెక్ట్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అంటే గొంతు ఎంత బిగ్గరగా వినపడాలో సరిచేసేది. ఇది ముక్కలు చేయకముందే చేయాలి. విడివిడిగా చేసుకుంటూ కూర్చుంటే ఒక స్లైడు అరిచినట్టు, ఇంకోటి గొణిగినట్టు తయారవుతుంది.

ఇప్పుడు ముక్కలు. "స్లైడు మూడు" అని చెప్పిన మాటలను తీసేసి, ఒక్కో భాగం మొదట్లో ఒక సెకను ఖాళీ ఉంచండి. ఆ సెకను ఎందుకంటే, చాలా బ్లూటూత్ స్పీకర్లు నిద్ర లేచేలోపు మొదటి అక్షరాన్ని మింగేస్తాయి. "రామప్ప" కాస్తా "మప్ప" అవుతుంది. ఆ ఖాళీ మొదలయ్యే చోట క్లిక్ చేసి కంట్రోల్ + బి నొక్కండి. ఒక లేబుల్ పడుతుంది. దానికి 01 అని పేరు పెట్టండి, తర్వాతి వాటికి 02, 03. ముందు సున్నా ఉంటేనే పదో స్లైడు దాటినా ఫైళ్లు వరసగా నిలబడతాయి. ఎక్స్‌పోర్ట్‌లో మల్టిపుల్ ఫైల్స్ ఎంచుకుని, లేబుల్స్ ఆధారంగా అని పెడితే ఒక్క దెబ్బకు తొమ్మిది ఫైళ్లు బయటికొస్తాయి. ఎంపీ3, మోనో, 128 కేబీపీఎస్ చాలు, నిమిషానికి సుమారు ఒక ఎంబీ. అదే స్టీరియో వేవ్ ఫైలైతే నిమిషానికి పది ఎంబీ. మాట్లాడే గొంతుకు ఆ వైభోగం అక్కర్లేదు. అసలు రికార్డింగు మాత్రం పారేయకండి.

స్లైడులో కూర్చోబెట్టడం

స్లైడు మీద ఉండి ఇన్సర్ట్, ఆడియో, ఆడియో ఆన్ మై పీసీ. ఆ స్లైడు ఫైలు ఎంచుకోండి. అక్కడ ఇన్సర్ట్ బటన్ పక్కన చిన్న బాణం ఉంటుంది, అందులో లింక్ టు ఫైల్ అని ఒకటుంది. దాని జోలికి వెళ్లకండి. లింక్ పెడితే గొంతు పీపీటీలో ఉండదు, మీ ఇంట్లో కంప్యూటర్లో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో పీపీటీ ఒక్కటే పట్టుకెళ్లి, రిటైర్మెంటు సభలో నూట యాభై మంది ముందు మూగ స్లైడ్లు నడిపించినవాణ్ని నాకు బాగా తెలుసు. అద్దంలో రోజూ కనిపిస్తాడు.

స్పీకర్ బొమ్మ స్లైడు మీదికి వస్తుంది. దాన్ని నొక్కితే పైన ప్లేబ్యాక్ ట్యాబ్ తెరుచుకుంటుంది. స్టార్ట్ దగ్గర ఆటోమేటికల్లీ పెట్టి, హైడ్ డ్యూరింగ్ షో టిక్ చేయండి. స్టార్ట్‌లో వెన్ క్లిక్డ్ ఆన్ ఉంచి బొమ్మను దాచారంటే, నొక్కడానికి ఏమీ కనిపించదు, గొంతూ రాదు. ప్లే అక్రాస్ స్లైడ్స్ సంగీతానికి పెట్టుకునేది, మాటకు వద్దు.

ఆ ట్యాబ్‌లోనే ట్రిమ్ ఆడియో ఉంది. ఆకుపచ్చ గీత మొదలును, ఎర్ర గీత చివరను జరుపుతుంది. చివర్లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు మిగిలిపోతే తీయడానికి ఇది చాలు. మధ్యలో ముక్క తీయడం దీనికి చేతకాదు. తప్పనిసరైతే ఒకే ఫైలును రెండుసార్లు పెట్టి, మొదటిదాని తోకా రెండోదాని తలా కోసి, రెండోదానికి యానిమేషన్స్‌లో ఆఫ్టర్ ప్రీవియస్ (ముందుది అయ్యాకే మొదలవమని) పెట్టే నాటువైద్యం ఒకటుంది. ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ మాటకు పెట్టకండి, మొదటి మాట నీరసంగా వస్తుంది.

మాటకు బొమ్మ: బుక్‌మార్కులు

పాఠం బతికేది ఇక్కడే. నా ఆరో స్లైడులో గొంతు ఇలా అంటుంది: "ఈ గోపురానికి వాడిన ఇటుకలు నీటిలో వేస్తే తేలుతాయి." తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరి క్రియలో ఉంటుంది. నీళ్లలో ఇటుక తేలుతున్న ఫోటో వాక్యం మొదట్లోనే వస్తే, "తేలుతాయి" అనేసరికి అది పాత కబురు. అందుకని "ఇటుకలు" దగ్గర ఉత్త ఇటుక, "తేలుతాయి" దగ్గర నీళ్లలో ఇటుక. ఆ రెండు బొమ్మల మధ్య కాసేపట్లో తరగతి ఊపిరి బిగబడుతుంది.

చేయడం ఇలా. స్పీకర్ బొమ్మను నొక్కి, కింద వచ్చే పట్టీలో ప్లే చేయండి. "ఇటుకలు"కు కొంచెం ముందు ఆపి, ప్లేబ్యాక్‌లో యాడ్ బుక్‌మార్క్ నొక్కండి. పట్టీ మీద చిన్న చుక్క పడుతుంది. అలాగే "తేలుతాయి" ముందు ఇంకోటి. తర్వాత ఇటుక ఫోటోను ఎంచుకుని, యానిమేషన్స్‌లో ఫేడ్ ఇచ్చి, ట్రిగ్గర్ నొక్కి, ఆన్ బుక్‌మార్క్‌లో మొదటి దాన్ని పెట్టండి. రెండో ఫోటోకు రెండోది. బుక్‌మార్కును మాట మీద కాకుండా అర సెకను ముందు పెట్టడానికి కారణం, ఫేడ్‌కు కూడా అంత సమయం పడుతుంది. మాట వినపడేసరికి బొమ్మ పూర్తిగా తేరుకోవాలి.

యానిమేషన్స్‌లో విత్ ప్రీవియస్ (గొంతుతోపాటే మొదలవమని) పెట్టి డిలేలో సెకన్లు వేసుకునే పాత పద్ధతీ ఉంది. ఒకటి రెండు బొమ్మలకైతే సరే. ఐదారు ఉంటే కూడికలు చేసుకుంటూ కూర్చోవాలి. బుక్‌మార్కులకు ఉన్న తిప్పలు ఒకటే: ఆడియోను తీసేసి కొత్తది పెట్టారంటే దానితోపాటు అవీ పోతాయి. కోత అంతా ముందే ముగించమని పోరేది అందుకే.

స్లైడు ఎప్పుడు కదలాలి

ట్రాన్సిషన్స్ ట్యాబ్ చివర అడ్వాన్స్ స్లైడ్ అని ఉంటుంది. ఆఫ్టర్ టిక్ చేసి, ఆ స్లైడు గొంతు ఎంత పొడవో దానికి ఒక సెకను కలిపి వేయండి. గొంతు 31 సెకన్లైతే 00:32. చివరి మాట కాగానే స్లైడు ఎగిరిపోతే మనిషిని మాట మధ్యలో గెంటేసినట్టుంటుంది.

అయితే తరగతిలో నడిపేదానికి నేను ఆఫ్టర్ పెట్టను. గొంతు తనంతట తాను మొదలవుతుంది, స్లైడును మాత్రం నేనే మారుస్తాను. "సార్, ఇటుక నిజంగా తేలుతుందా" అని ఒకడు లేస్తాడు. వాడికి జవాబు చెప్పేలోపు పాఠం మూడు స్లైడ్లు పరుగెత్తకూడదు. గొంతును మధ్యలో ఆపాలంటే ఆల్ట్ + పీ, మళ్లీ నొక్కితే సాగుతుంది. యూట్యూబ్‌కో తల్లిదండ్రుల గ్రూపుకో వీడియోగా పంపేదైతే ఆఫ్టర్ తప్పదు.

గొంతు లేని ఫోటోల ఆల్బమ్‌కు స్లైడ్ షో ట్యాబ్‌లో రిహార్స్ టైమింగ్స్ హాయి. అది గడియారం తిప్పుతుంది, మీరు చూస్తూ మీ తీరికలో బాణం నొక్కుతూ పోవాలి, చివర అడిగినప్పుడు ఎస్ అనాలి. తాతగారి పెళ్లి ఫోటో దగ్గర ఎంతసేపు ఆగాలో ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నొక్కండి, మీ లెక్క వేరు వాళ్ల లెక్క వేరు. అన్నీ సరిగ్గా పెట్టినా స్లైడ్లు కదలకపోతే అదే ట్యాబ్‌లో యూజ్ టైమింగ్స్ టిక్ ఉందో లేదో చూడండి. సగం ఫోన్లు నాకు ఆ టిక్ గురించే వస్తాయి.

వెనక సంగీతం

పాఠానికి వద్దనే నా మాట. ఆల్బమ్‌కు కావాలంటే మొదటి స్లైడులో పాట పెట్టి, ప్లేబ్యాక్‌లో ప్లే ఇన్ బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటి నొక్కండి. ఆటోమేటిక్‌గా మొదలవడం, స్లైడ్లన్నిటా సాగడం, అయిపోతే మళ్లీ మొదలవడం, బొమ్మ దాగడం నాలుగూ అదే పెట్టేస్తుంది. నాలుగో స్లైడు తర్వాత ఆగాలంటే యానిమేషన్ పేన్‌లో ఆ పాట మీద ఎఫెక్ట్ ఆప్షన్స్ తెరిచి, స్టాప్ ప్లేయింగ్‌లో ఆఫ్టర్ 4 స్లైడ్స్ అనాలి. చివర మూడు సెకన్ల ఫేడ్ అవుట్ ఇక్కడ బాగుంటుంది. యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశముంటే సినిమా పాటలు వాడకండి, హక్కుల గొడవ వస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకోదగినవి ఉన్నాయి.

బయటికి పంపేముందు

ఫైల్, ఇన్ఫోలో కంప్రెస్ మీడియా ఉంటుంది. నొక్కితే సైజు తగ్గుతుంది, ట్రిమ్ చేసి దాచిన ముక్కలు కూడా పోతాయి. కాబట్టి ఒక కాపీ పక్కన పెట్టుకుని నొక్కండి. వీడియో కావాలంటే ఫైల్, ఎక్స్‌పోర్ట్, క్రియేట్ ఎ వీడియో. టైమింగ్ పెట్టడం మరిచిపోయిన స్లైడుకు అది ఐదు సెకన్లు ఇచ్చి ముందుకు పోతుంది. ఒక స్లైడు ఎందుకో తొందరపడుతోందని అనిపిస్తే ముందు అదే చూడండి.

గూగుల్ స్లైడ్స్‌లో పనిచేసేవాళ్లకు ట్రిమ్ అసలు లేదు, బయట కోసి తేవాల్సిందే. ఎంపీ3 గానీ వేవ్ గానీ డ్రైవ్‌లో ఉండాలి. స్లైడ్లను షేర్ చేస్తే సరిపోదు, ఆ ఆడియో ఫైళ్లను కూడా విడిగా షేర్ చేయాలి. లేకపోతే అవతలివాళ్లకు బొమ్మలే కనిపిస్తాయి, మాట వినపడదు.

అసలు ఆడియో పోగొట్టుకుని పీపీటీ ఒక్కటే మిగిలినవాళ్లకో చిట్కా. పీపీటీఎక్స్ ఫైలును కాపీ చేసి, చివర పీపీటీఎక్స్ తీసి జిప్ అని పేరు మార్చి తెరవండి. లోపల పీపీటీ ఫోల్డర్‌లో మీడియా అని ఇంకోటి ఉంటుంది. లింక్‌గా కాకుండా పీపీటీ లోపలే పెట్టిన గొంతులన్నీ అక్కడ పడుంటాయి.

చివరిగా, సభలో. హెచ్‌డీఎంఐ తీగ పెట్టగానే విండోస్ చాలాసార్లు శబ్దాన్ని ప్రొజెక్టరుకు పంపేస్తుంది. ప్రొజెక్టరులో ఉండేది అగ్గిపెట్టెంత స్పీకరు, కొన్నిట్లో అదీ ఉండదు. కింద మూల ఉన్న స్పీకర్ గుర్తు నొక్కి, శబ్దం ఎటు వెళ్లాలో మీరే ఎంచుకోండి. దీనికోసమే నా ప్రతి పీపీటీలో మొదటి స్లైడుకు ముందు ఒక నల్ల స్లైడు ఉంటుంది. దాని మీద ఏమీ ఉండదు, ఐదు సెకన్ల గొంతు మాత్రం ఉంటుంది: "మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు." జనం కూర్చోకముందే దాన్ని నడిపి, ఆఖరి వరసలో నిలబడి వింటాను.